స్టీరింగు ఏ వైపున ఉన్నా...

హైదరాబాదు, బెంగళూరు నగరాలను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ సమీపంలో ఎర్రమంచి అనే గ్రామం ఉంది. వాన మబ్బు కోసం ఏళ్ల తరబడి ఆకాశం వైపు చూసిన నేల అది. 2017 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని, ఇక్కడ 536 ఎకరాలలో కార్ల కర్మాగారాన్ని నెలకొల్పింది. ఏడాదికి మూడు లక్షల కార్లను తయారు చేయగల సామర్థ్యం దానిది. హంద్రీ-నీవా కాలువ ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరిన కృష్ణా జలాలే ఆ యంత్రాల దాహం తీరుస్తున్నాయి. 2019 ఆగస్టులో తొలి మోడలు సెల్టాస్ విపణిలోకి వచ్చింది. మరుసటి సంవత్సరం నాలుగు మీటర్ల లోపు పొడవు గల సోనెట్ వచ్చింది. నాటి అనంతపురం జిల్లాలోని ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

ఈ కర్మాగారంలో ఒక విశేషం గమనించదగినది. మన దేశంలో అమ్మే కార్లకు స్టీరింగు కుడివైపున అమర్చుతారు. గల్ఫ్ దేశాలకు ఎగుమతి అయ్యే కార్లకు ఎడమవైపున అమర్చుతారు. ఇనుము, ఇంజను, వాటిని బిగించే కార్మికుల చేతులు మాత్రం ఒక్కటే. ఒకే నేలపై పుట్టిన రెండు కార్లు రెండు వేర్వేరు దేశాల రోడ్లపైకి వెళ్లి, రెండు రకాల అలవాట్ల మధ్య తిరుగుతాయి.

కార్లు మాత్రమే కాదు, మనుషులూ అలాగే తిరుగుతున్నారు.

ఒకే మనిషి, రెండు అలవాట్లు

కదిరి, హిందూపురం, రాయచోటి, కడప ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో కువైట్, సౌదీ అరేబియా దేశాలలో డ్రైవరుగా పనిచేసిన బంధువు లేని ఇల్లు అరుదు. కరవు తరిమిన దారి అది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ సోదరుడు కారులో కూర్చోగానే బెల్టు పెట్టుకుంటాడు. ఎర్ర దీపం వెలిగితే అర్ధరాత్రి అయినా, ఎదుట ఒక్క వాహనం లేకపోయినా ఆగుతాడు. ఎందుకంటే కెమెరా చూస్తూ ఉంటుంది. కువైట్‌లో 2025 ఏప్రిల్ 22 నుంచి అమలులోకి వచ్చిన కొత్త ట్రాఫిక్ చట్టం ప్రకారం వాహనం నడుపుతూ ఫోను చేతిలో పట్టుకుంటే 75 దీనార్ల జరిమానా పడుతుంది. మన లెక్కలో అది ఇరవై వేల రూపాయలకు పైమాటే.

అదే సోదరుడు సెలవు మీద ఇంటికి వస్తాడు. బెంగళూరు విమానాశ్రయంలో దిగి, తీసుకువెళ్లడానికి వచ్చిన కారులో కూర్చుంటాడు. బాగేపల్లి దాటకముందే అతని అలవాటు మారిపోతుంది. బెల్టు పక్కన వేలాడుతుంది, ఫోను చెవి దగ్గరకు చేరుతుంది. "ఇది మన ఊరు కదా, ఎవరు అడుగుతారు?" అన్న మాట మనమందరం విన్నదే. రెండేళ్లుగా చూడని బిడ్డ అతని ఒడిలో, ముందు సీటులో కూర్చొని ఉంటుంది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇదే. రోడ్డు మీద క్రమశిక్షణ ఒక జాతి రక్తంలో పుట్టే గుణం కాదు. అది నేర్చుకునే అలవాటు. నేర్చుకున్న దానిని మరచిపోవడమూ సాధ్యమే, దేశం దాటించి ఇంటికి తీసుకురావడమూ సాధ్యమే.

దేశాలు మారిన తీరు

"జపాను వారు క్రమశిక్షణ గలవారు, జర్మను వారు నియమబద్ధులు, మన వాళ్లు ఇంతే" అనడం మనకు సులువు. చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతుంది. 1970లో జపానులో రోడ్డు ప్రమాదాలలో 16,765 మంది మరణించారు. ఆ రోజులలో అక్కడి పత్రికలు ఆ పరిస్థితిని 'ట్రాఫిక్ యుద్ధం' అని పిలిచాయి. కాలిబాటలు, సిగ్నళ్లు, పాఠశాలలలో రోడ్డు పాఠాలు, కఠినమైన లైసెన్సు పరీక్షలు, మెరుగైన వైద్యం ఇవన్నీ కలిసి దశాబ్దాల పాటు పనిచేశాయి. 2024లో ఆ సంఖ్య 2,663కు తగ్గింది. మన దేశంలో 2022లో ప్రాణాలు కోల్పోయిన వారు 1,68,491 మంది. అంటే రోజుకు 460 మందికి పైగా. జనాభాలోని తేడాను లెక్కలోకి తీసుకున్నా, జపానుతో పోలిస్తే మన దగ్గర మరణించే అవకాశం ఐదు రెట్లకు మించి ఉంది.

స్వీడన్ ప్రజలు తరతరాలుగా రోడ్డుకు ఎడమవైపున వాహనాలు నడిపేవారు. 1967 సెప్టెంబరు 3వ తేదీ తెల్లవారుజామున ఆ దేశమంతా ఒక్కసారిగా కుడివైపుకు మారింది. ఒక జాతి మొత్తం తన చేతి అలవాటును ఒక్క ఉదయంలో మార్చుకోగలిగింది. దాని వెనుక ఎన్నో నెలల ప్రచారం, శిక్షణ ఉన్నాయి.

జర్మనీలోని ఆటోబాన్ రహదారులలో చాలా భాగాలపై వేగానికి కచ్చితమైన పరిమితి లేదని విని మన యువకులు ముచ్చటపడతారు. అయితే ఆ స్వేచ్ఛ వెనుక ఉన్న కట్టుబాట్లను గమనించరు. అక్కడ ముందు వాహనాన్ని తప్పుడు వైపు నుంచి దాటడం నిషిద్ధం. దాటిన వెంటనే తిరిగి తన వరుసలోకి రావాలి. వాహనాలు నిలిచిపోతే అందరూ పక్కలకు జరిగి, అంబులెన్సు కోసం మధ్యలో దారి వదలాలి. ప్రథమ చికిత్స శిక్షణ పొందనిదే అక్కడ లైసెన్సు రాదు.

ఇక గల్ఫ్ విషయానికి వస్తే, సౌదీ అరేబియా రోడ్లు కూడా ఒకప్పుడు భయం గొలిపేవే. విశాలమైన దారులు, పెద్ద వాహనాలు, అదుపు లేని వేగం. కెమెరాలు, జరిమానాలు, రోడ్ల మరమ్మతులు, సత్వర వైద్యం కలిసి అక్కడ 2016 తరువాత కొన్ని సంవత్సరాలలోనే మరణాలను దాదాపు మూడవ వంతు తగ్గించాయి. మనుషులు వారే. మారింది వ్యవస్థ, దానితో పాటు అలవాటు.

చిన్న కారు: దాని మేలు, దాని పరిమితి

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన నాటి నుంచి చిన్న కారు మన మధ్యతరగతి కుటుంబపు కల. 2006లో కేంద్ర ప్రభుత్వం నాలుగు మీటర్ల లోపు పొడవు, పరిమితమైన ఇంజను గల కార్లకు పన్ను తగ్గించింది. అప్పటి నుంచి కంపెనీలన్నీ ఆ కొలతకు తగినట్లుగా కార్లు రూపొందిస్తున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. తక్కువ ధర, తక్కువ ఇంధనం, ఇరుకు వీధిలోనూ నిలుపుకోగల సౌలభ్యం. వేరుశనగ ధర మీద, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము మీద ఆధారపడిన ఇంటికి ఇవి చిన్న విషయాలు కావు.

అయితే చిన్న కారు బరువు తక్కువ. నిండు సరుకుతో వెళ్లే లారీని ఢీకొన్నప్పుడు దెబ్బలో ఎక్కువ భాగం తేలికైన వాహనమే భరించాలి. ఇది భౌతికశాస్త్ర నియమం, ఏ ప్రకటనా దీనిని మార్చలేదు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన విపణిలో ఎక్కువగా అమ్ముడుపోయే అయిదు చిన్న కార్లను గోడకు ఢీకొట్టించి పరీక్షించింది. పెద్దల రక్షణలో ఆ అయిదింటికీ ఒక్క నక్షత్రం కూడా రాలేదు. వాటిలో ఎయిర్‌బ్యాగులు లేవు.

తరువాత పరిస్థితి మెరుగుపడింది. 2019 జూలై నుంచి డ్రైవరుకు, ఆపై ముందు సీటు ప్రయాణికునికి కూడా ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దేశమే నక్షత్రాలు ఇస్తోంది. ఎర్రమంచి కార్లనే ఉదాహరణగా తీసుకుంటే, 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో సెల్టాస్‌కు మూడు నక్షత్రాలు వచ్చాయి. 2025లో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో, నాలుగు మీటర్ల లోపు పొడవు గల సైరోస్‌కు అయిదు నక్షత్రాలు దక్కాయి. రెండు పరీక్షల పద్ధతులు ఒక్కటి కాకపోయినా, కారు చిన్నదైతే భద్రత ఉండదన్న భావన సరికాదని మాత్రం రుజువైంది. కారు కొనేటప్పుడు "మైలేజీ ఎంత?" అన్న ప్రశ్నతో పాటు "నక్షత్రాలు ఎన్ని?" అని కూడా అడగడం నేర్చుకోవాలి. పాత కారు కొనేవారు అందులో ఎయిర్‌బ్యాగులు ఉన్నవో లేవో, బెల్టులు సరిగా బిగుసుకుంటున్నవో లేవో స్వయంగా చూసుకోవాలి.

ఇంధనం మిగిలితే ప్రాణమూ మిగులుతుంది

చిన్న కారు యజమానికి మైలేజీ మీద ఉండే శ్రద్ధ అందరికీ తెలిసినదే. లీటరుకు ఒక్క కిలోమీటరు తగ్గినా మెకానిక్కు దగ్గరకు పరుగెత్తుతాడు. ఆ శ్రద్ధనే మేము భద్రత వైపు కాస్త మళ్లించదలచాము. ఎందుకంటే ఇంధనాన్ని పొదుపు చేసే పద్ధతులూ, ప్రాణాన్ని కాపాడే పద్ధతులూ చాలా వరకు ఒక్కటే.

మొదటిది వేగం. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు పెరిగితే ఎదురుగాలి నిరోధం ఒకటిన్నర రెట్లు అవుతుంది, ఇంధనం ఆ మేరకు వృథా అవుతుంది. ఢీకొన్నప్పుడు విడుదలయ్యే శక్తి కూడా సరిగ్గా అదే నిష్పత్తిలో, ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో 28 మీటర్లు దాటిపోతుంది. ఎదుట గొర్రెల మంద కనిపించి, కాలు బ్రేకు మీదకు చేరేలోపే అంత దూరం గడిచిపోతుంది. దీనికి ప్రతిఫలంగా మనకు దక్కేది ఏమిటి? 210 కిలోమీటర్ల ప్రయాణంలో 80కి బదులు 100 వేగంతో వెళ్తే మిగిలేది అరగంట. ఆ అరగంట కూడా దారిలో ఎక్కడా ఆగకుండా ఉంటేనే.

రెండవది టైరు. గాలి తగ్గిన టైరు రోడ్డును ఎక్కువగా రాసుకుంటూ ఇంధనాన్ని తింటుంది. వేసవిలో మన మెట్టభూముల ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు అదే టైరు వేడెక్కి పేలిపోతుంది. పదిహేను రోజులకు ఒకసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోవడానికి అయ్యే శ్రమ ఏపాటిది?

మూడవది బరువు. అయిదుగురి కోసం చేసిన కారులో నికాహ్‌కు తొమ్మిది మంది, పైన సామాను. ఇంజను మూలుగుతుంది, బ్రేకు పడిన తరువాత బండి ఆగే దూరం పెరుగుతుంది, బెల్టులు అందరికీ చాలవు. వృథాను ఇస్రాఫ్ అని నిరసించే మనం ఇంధనపు వృథాను చూస్తాము గాని, ప్రాణపు వృథాను చూడలేకపోతున్నాము.

వెనుక సీటు, ఒడిలో బిడ్డ

2022లో మన దేశంలో బెల్టు పెట్టుకోకపోవడం వలన 16,715 మంది మరణించారు. వారిలో డ్రైవర్లు 8,384 మంది, ప్రయాణికులు 8,331 మంది. అంటే బెల్టు డ్రైవరు కోసమే అనుకొని ప్రాణం పోగొట్టుకున్న వారు దాదాపు సగం. అదే ఏడాది సెప్టెంబరులో ప్రముఖ పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలో జరిగిన కారు ప్రమాదంలో మరణించారు. ఖరీదైన కారు, వెనుక సీటు. ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు వెల్లడించారు. చట్టం మాత్రం వెనుక సీటు వారికి కూడా బెల్టు తప్పనిసరి అని ఎప్పటి నుంచో చెబుతూనే ఉంది. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని ఉండాలి.

ఒడిలో పెట్టుకున్న బిడ్డను గట్టిగా పట్టుకోగలమని ప్రతి తల్లీ నమ్ముతుంది. లెక్క వేరుగా ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేనినైనా ఢీకొని సెకనులో పదవ వంతు కాలంలో ఆగిపోతే, పది కిలోల బిడ్డను నిలుపుకోవడానికి దాదాపు 140 కిలోల బరువును ఆపే బలం కావాలి. ఏ చేతులకూ అది సాధ్యం కాదు. ముందు సీటులో అయితే ఎదురుగా తెరుచుకునే ఎయిర్‌బ్యాగు తగిలే దెబ్బ ఆ బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. పసిబిడ్డ స్థానం వెనుక సీటు, తనకు తగిన పిల్లల సీటు. ఈ మూడు బిందువుల బెల్టును 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించగా, ఆ సంస్థ దానిని ఇతర కంపెనీలన్నీ వాడుకోవడానికి అనుమతించింది. లోకానికి ఉచితంగా అందిన ఆ మేలును మనం భుజం పక్కన వేలాడదీస్తున్నాము.

ముందు ఒంటెను కట్టివేసి, తరువాత అల్లాహ్‌పై భారం వేయాలన్న దైవప్రవక్త (సఅసం) బోధ మనలో తెలియని వారు లేరు. ప్రయాణపు దుఆ చదివి బెల్టు వదిలేసేవారు ఆ బోధలోని మొదటి సగాన్ని మరచినట్లే.

మన రోడ్డు, మన బాధ్యత

గల్ఫ్ రోడ్డుకూ మన రోడ్డుకూ తేడా లేదని మేము అనడం లేదు. ఇక్కడ నాలుగు వరుసల రహదారి మీదే ఎడ్లబండి, ట్రాక్టరు, మేకల మంద, పాదచారి అందరూ ఉంటారు. కోత కాలంలో ఉలవలు, కొర్రలు, రాగులు నూర్పిడి కోసం రోడ్డు మీద పరుస్తారు. వాటి మీద బైకు చక్రం జారుతుంది. రాత్రి వేళ వాటిపై అడ్డుగా పెట్టిన రాళ్లు కనిపించవు. యూ టర్ను వరకు వెళ్లి రావడానికి బద్ధకించి రాంగ్ రూటులో వచ్చే బైకులు, వెనుక ఎర్ర దీపం లేని ట్రాలీలు నిత్యం ఎదురవుతాయి. దారిలోని హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని నేర్చుకున్న మనం, ఆ రాయిని అక్కడ పెట్టకుండా ఉండటం కూడా అందులో భాగమేనని గ్రహించాలి.

కారు లేనివారి సంగతి మరచిపోరాదు. 2024 నవంబరులో గార్లదిన్నె మండలంలో ఆర్టీసీ బస్సు, ఆటో ఢీకొన్న ప్రమాదంలో తోట పని ముగించుకొని ఇంటికి తిరిగి వస్తున్న వ్యవసాయ కూలీలు ప్రాణాలు కోల్పోయారు. కరవు సీమలో కూలీకి పోవాలంటే కిక్కిరిసిన ఆటోయే గతి. కారులో వెళ్లేవారు ప్రతి ఆటోలోనూ ఒక ఊరి కుటుంబాలు ఉన్నాయని తలచి, దూరం పాటించి, రాత్రి ఎదురు వాహనానికి దీపాన్ని డిప్ చేస్తే అదే గొప్ప సహాయం.

రంజాన్ నెలలో రెండు వేళలు మరీ జాగ్రత్తగా ఉండవలసినవి. సహరీ కోసం మేల్కొన్న నిద్రలేమి ఒకటి, ఇఫ్తార్‌కు ఇల్లు చేరాలన్న తొందర మరొకటి. అరబ్ ఎమిరేట్స్‌లో ఇఫ్తార్ వేళకు సిగ్నళ్ల వద్ద స్వచ్ఛంద సేవకులు డ్రైవర్లకు ఖర్జూరాలు, నీళ్లతో కూడిన పొట్లాలు పంచుతారు. వేగంగా పోవద్దు, ఇక్కడే ఉపవాసం విరమించండి అని దాని భావం. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు, పెండ్లిళ్లకు దూర ప్రయాణం చేసేవారు రాత్రంతా నిద్ర లేని డ్రైవరును తెల్లవారకముందే తిరుగు ప్రయాణానికి పురమాయించరాదు.

ఇంకొక మాట. పదో తరగతి పిల్లవాడికి బైకు తాళం ఇవ్వడం కొన్ని ఇళ్లలో ప్రేమకు గుర్తు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు వాహనం నడిపితే శిక్ష తల్లిదండ్రులకు లేదా వాహన యజమానికి. 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలు కూడా ఉంది.

ప్రమాదం కంటపడితే

రోడ్డుపై గాయపడిన వ్యక్తిని చూసి, పోలీసు కేసు భయంతో తప్పుకొని పోవలసిన అవసరం నేడు లేదు. సుప్రీంకోర్టు 2016 మార్చిలో ఇచ్చిన ఆదేశాలు, ఆ తరువాతి చట్ట సవరణ సహాయం చేసినవారికి రక్షణ కల్పించాయి. వారు తమ పేరు చెప్పనవసరం లేదు, సాక్షిగా ఉండాలన్న బలవంతమూ లేదు. 108కి ఫోను చేయండి. జాతీయ రహదారి మీద అయితే 1033కు కూడా చేయవచ్చు. 2025 మే నుంచి ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులలో లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండానే చికిత్స అందించే పథకం అమలులో ఉంది. ఈ విషయం ప్రతి ఇంటిలోనూ తెలిసి ఉండాలి.

ఇంటి మాట

పెద్ద దేశాలు కెమెరాలతో, జరిమానాలతో అలవాట్లను మార్చాయి. మన రోడ్ల మీద కెమెరా లేని మలుపులు ఇంకా చాలా ఉన్నాయి. ఆ మలుపులో చూసే కన్ను కుటుంబానిదే కావాలి. వెనుక సీటులోని ఇల్లాలు "ఇంకా బెల్టు పెట్టలేదు, బండి తీయకండి" అనగలగాలి. చిన్న కూతురు "అబ్బా, ఫోను పక్కన పెట్టండి" అంటే తండ్రి కసురుకోకుండా వినగలగాలి. సెలవుకు వచ్చిన గల్ఫ్ సోదరుడు అత్తరు సీసాలు, దుప్పట్లతో పాటు అక్కడ నేర్చిన క్రమాన్ని కూడా సంచిలో పెట్టుకొని తేవాలి. "అక్కడ ఇలా చేసేవాడిని, ఇక్కడా ఇలాగే చేస్తాను" అని తమ్ముళ్లకు చెప్పాలి. పరాయి దేశపు జరిమానాకు ఇచ్చిన గౌరవం సొంత బిడ్డ ప్రాణానికి ఇవ్వలేమా?

మన చేతికి అప్పగించిన ప్రాణాలు అమానత్. వాటిని గమ్యం చేర్చడమే డ్రైవరు ధర్మం, త్వరగా చేర్చడం కాదు. అల్లాహ్ మన ప్రయాణాలన్నిటినీ క్షేమకరం చేయుగాక.